తొమ్మిదో రీలు

దయ్యాలను నమ్మనివాళ్ళు చాలామంది ఉంటారు. నేను మనుషులనే నమ్మేవాణ్ణి కాదు. నా ఉద్యోగం అలాంటిది. సినిమా పంపిణీ కంపెనీ తరఫున ఫిలిం పెట్టెతో పాటు ఊరూరూ తిరిగే రిప్రజెంటేటివ్‌ని. హాల్లో ఎన్ని టిక్కెట్లు తెగాయి, ఎవరు దొడ్డిదారిన లోపలికొచ్చారు, ఎవరు ఎవరితో కుమ్మక్కయ్యారు, ఇవి కనిపెట్టడమే నా పని. అనుమానం పెనుభూతం అంటారు. నేను చూసిన భూతం అదొక్కటే అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మాది నరసరావుపేట. పెళ్ళికి ముందు అద్దె తక్కువని దయ్యాల కొంప అని పేరుపడిన ఇంట్లో రెండేళ్ళు ఒంటరిగా ఉన్నాను. నల్లులు తప్ప నన్ను పీడించినవి ఏవీ లేవు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, చీకట్లో తాడును చూసి పామనుకునే రకం కాదు నేను అని మీరు ముందే తెలుసుకోవాలి.

నాగార్జునసాగర్ పనులు జోరుగా జరుగుతున్న రోజులవి. ఒక సినిమా పెట్టె పట్టుకుని గురజాల వెళ్ళాను. ఊరి చివర రేకుల హాలు. యజమాని పేరు చలమయ్య. బొమ్మ వేసే మిషన్ ఒకటే కావడంతో రీలు అయిపోయినప్పుడల్లా లైట్లు వేసి, కొత్త రీలు ఎక్కించి, మళ్ళీ ఆర్పేవారు. కరెంటును నమ్ముకోలేక హాలు వెనక ఆయిల్ ఇంజను పెట్టుకున్నారు. ఆపరేటర్ మస్తాన్ మాచర్ల వాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మాట తక్కువ. మాట తక్కువ మనిషంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

సినిమా గొప్పదేం కాదు. శుక్రవారం మొదలుపెట్టాం. ఆదివారం చలమయ్య నా దగ్గరికి వచ్చి తల పట్టుకున్నాడు.

"ఏందండీ ఇది? మొదటాట ఆలస్యంగా వదులుతున్నాం. రెండో ఆట జనం గేటు కాడ కొట్టుకుంటన్నారు. రెండో ఆట పర్మిషన్ టయిము రెండు నిమిషాలు దాటినా నా లైసెన్సు ఊడుద్ది. మీ సినిమా చానా పొడుగుగా ఉంది."

సినిమా పొడవెంతో నాకు తెలుసు. ఎక్కువేం కాదు. కాబట్టి మిషన్ నెమ్మదిగా నడుస్తోందన్నమాట. నెమ్మదిగా ఎందుకు నడుపుతారు? ఇంజను నెమ్మదిగా తిరిగితే డీజిల్ తక్కువ తాగుతుంది. మిగిలిన డీజిల్ ఎక్కడికి పోతోంది? ఈ లెక్క నా బుర్రలో క్షణంలో తయారైంది. ఆ సాయంత్రమే బూత్‌లోకి ఎక్కి కూర్చున్నాను.

మిషన్ వేగం తగ్గించడానికీ పెంచడానికీ గోడకు ఒక పిడి ఉండేది. మస్తాన్ దాన్ని రెగ్యులేటర్ అనేవాడు. సరిపడే వేగంలో నడిస్తే ఒక రీలుకు పదకొండు నిమిషాలు పడుతుంది. చూసుకోవడానికి అక్కడ ఒక పాత గోడ గడియారం ఉంది. దానికి సెకన్ల ముల్లు లేదు. నిమిషాల ముల్లు కూడా అరిగిపోయి, పట్టి పట్టి, నిమిషానికోసారి ఎగిరి దూకేది. ముల్లు దూకగానే రీలు మొదలైందా, దూకబోయే ముందు మొదలైందా అన్నదాన్ని బట్టి నిమిషం తేడా ఆ గడియారంలోనే వచ్చేస్తుంది. నా చేతి వాచీకి సెకన్ల ముల్లు ఎప్పుడో ఊడిపోయింది. దానితోనూ లాభం లేదు.

మరి ఎలా నడుపుతున్నావని మస్తాన్‌ని అడిగాను. ఒక్క రీలును చూసి ఏమీ తేల్చనని, నాలుగైదు రీళ్ళు కలిపి చూస్తానని, వెనకబడితే తర్వాతి రీలు కొంచెం జోరు పెంచి సర్దుబాటు చేస్తానని చెప్పాడు. పాట వచ్చినప్పుడు గొంతు బొంగురుపోయినా, కీచుమన్నా చెవికి తెలిసిపోతుందట. సర్దుబాటు అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నా సర్వీసులో పట్టుకున్న ప్రతి దొంగా ఆ మాటే అన్నాడు.

ఆ సాయంత్రం పిడి మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఎనిమిది రీళ్ళు చక్కగా నడిచాయి. తొమ్మిదో రీలు మాత్రం గడియారంలో బాగా ఎక్కువ చూపించింది. మస్తాన్ పిడి ముట్టుకోలేదు. నా కళ్ళుగప్పి ముట్టుకున్నాడేమో అనుకున్నాను. రెండో ఆటలోనూ కూర్చున్నాను. అప్పుడు తొమ్మిదో రీలు బుద్ధిగా మిగతావాటిలాగే నడిచింది. నేను చూస్తున్నానని తెలిసి జాగ్రత్తపడ్డాడని తీర్మానించాను.

మర్నాడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని కలిశాను. నరసరావుపేటలో నాతో చదువుకున్నవాడే. పిల్లల పరుగు పందేలకు వాడే స్టాప్‌వాచీ అడిగి తెచ్చుకున్నాను. దాంతోపాటు నా సొంత ఆయుధం ఒకటుంది. ఫిలిం పెట్టెలకూ టిక్కెట్ కట్టలకూ వేసే లక్క ముద్ర. సరైన వేగం దగ్గర రెగ్యులేటర్ పిడిని దారంతో బిగించి కట్టి, ముడి మీద లక్క కరిగించి, నా ముద్ర కొట్టాను. ఇంజను దగ్గర చలమయ్య బావమరిదిని కాపలా పెట్టాను. బూత్‌లో పిడి పక్కనున్న ఓల్టేజీ మీటరు ముల్లు ఎక్కడుండాలో అక్కడ సుద్దముక్కతో గీత గీశాను.

మస్తాన్ అంతా చూసి ఒక్క మాటే అన్నాడు. "ఏసుకోండి సార్. నాకూ తేలాలి."

మొదటాట నడిచింది. స్టాప్‌వాచీలో రీళ్ళన్నీ కాస్త అటూ ఇటూగా ఒకే లెక్క చూపించాయి. తొమ్మిదో రీలు రెండున్నర నిమిషాలు ఎక్కువ తీసుకుంది. ముద్ర చెదరలేదు. మీటరు ముల్లు గీత దాటలేదు. ఆ రీలులో తిరునాళ్ళ సీను ఉంది, డప్పులూ సన్నాయీ వినిపిస్తాయి. మిషన్ నిజంగా నెమ్మదించి ఉంటే ఆ సన్నాయి గొంతు పోయినట్టు వినిపించాలి. మామూలుగానే వినిపించింది. అదే రీలు రెండో ఆటలో మళ్ళీ మామూలు సమయానికే అయిపోయింది.

ఫిలిం పొడవు అదే. వేగం అదే. సమయం మాత్రం ఎక్కువ. ఇది జరగడానికి వీల్లేదు. కాబట్టి ఎవరో నన్ను మోసం చేస్తున్నారని మరింత గట్టిగా అనుకున్నాను. స్టాప్‌వాచీ పాడైందేమోనని మర్నాడు దాన్ని తపాలాఫీసు గడియారం పక్కన పెట్టి గంటసేపు చూశాను. బాగానే ఉంది.

మొదటాటకీ రెండో ఆటకీ తేడా ఏమిటని మస్తాన్‌ని నిలదీశాను. మిషన్ దీపంలో మండే కార్బన్ ముక్కలు తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు.

మరియమ్మ అని ఊరి పక్కనున్న పల్లెలో ఉంటుంది. మిరపకోతలకు పోయే మనిషి. భర్త లేడు. ఒక్కడే కొడుకు, పేరు దేవదానం. రెండేళ్ళ కిందట దాచేపల్లి అవతల కృష్ణ ఒడ్డున ఈ సినిమా తిరునాళ్ళ సీను తీశారట. జనం కావాలని చుట్టుపక్కల కుర్రాళ్ళను పోగుచేశారు. దేవదానం కూడా వెళ్ళాడు. బొమ్మలో పడ్డానే అమ్మా అని తల్లితో చెప్పుకుని మురిసిపోయాడు. ఆ వానాకాలమే టైఫాయిడ్ వచ్చి పోయాడు. వాడి ఫొటో ఒక్కటీ లేదు. సినిమా ఈ ఊరు వచ్చేసరికి ఇన్నాళ్ళు పట్టింది.

"మొదటి రోజు ఆట కాగానే బూతు కిందికొచ్చి నిలబడింది సార్. నా బిడ్డ తొందరగా ఎల్లిపోతన్నాడయ్యా, కాస్త నిదానంగా పంపియ్యవా అని అడిగింది. నా మనసు ఒప్పలేదు. రెండో రోజు ఆ సీను కాడ రెగ్యులేటర్ తగ్గించా. సన్నాయి బొంగురుబోయింది. జనం ఈలలేశారు. అంతే సార్, మళ్ళీ ఎన్నడూ ముట్టుకోలా. అదే నెమ్మదిస్తంది. ఆమె కూకున్న ఆటలోనే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని అనుకున్నాను. ఒకసారి తగ్గించినవాడు మళ్ళీ తగ్గించడని ఏముంది? అయితే నా లక్క ముద్రను ఎలా దాటాడు? అది మాత్రం తెలియలేదు. తెలియకపోవడం నాకు చాలా అవమానంగా అనిపించింది.

ఆ సాయంత్రం ఆడవాళ్ళ వైపు గమనించాను. మరియమ్మను మస్తాన్ చూపించాడు. చిన్నగా, నల్లగా ఉండే మనిషి. పొలంలో పని దిగి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నిండా మిరపఘాటు. టిక్కెట్టు కొనుక్కునే వచ్చింది. నేల మీద ముందు వరసలో కూర్చుంది. ఎనిమిది రీళ్ళూ తల దించుకునే ఉంది. తొమ్మిదో రీలుకు తల ఎత్తింది. నేను మళ్ళీ బూత్‌లోకి ఎక్కి వాచీ పట్టుకున్నాను. మళ్ళీ రెండున్నర నిమిషాలు.

బుధవారం చలమయ్యకు ఓపిక నశించింది. కానిస్టేబుల్ వచ్చి హెచ్చరించి వెళ్ళాడట. "ఆ తిరునాళ్ళు కోసెయ్యండి, ఎవుడికి గావాలి? కత కూడా లేదు దాంట్లో" అని పట్టుబట్టాడు. హాలువాళ్ళు సినిమా పొడవు తగ్గించడానికి పాటో సీనో కోయించడం ఆ రోజుల్లో మామూలే. కాకపోతే రిప్రజెంటేటివ్ ఒప్పుకోవాలి. కోసిన ముక్క పెట్టెలో పెట్టి కంపెనీకి పంపాలి. నేను ఒప్పుకున్నాను. కోస్తే మోసం ఏదైనా ఉంటే బయటపడుతుందని నా ఆశ.

గురువారం ఆఖరి రోజు. మధ్యాహ్నం హాలు బయట వెలుగులో బల్ల వేయించి, నేనూ మస్తానూ తొమ్మిదో రీలు విప్పాం. ఎక్కడినుంచి ఎక్కడికి కోయాలో గుర్తు పెట్టడానికి భూతద్దం పెట్టి బొమ్మ తర్వాత బొమ్మ చూశాను. మరియమ్మ చెప్పిన గుర్తులను బట్టి మస్తాన్ దేవదానాన్ని చూపించాడు. రథం పక్కన గుంపులో సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు. ముఖం కనిపించదు. ఎడమ భుజం మీద చారల తుండుగుడ్డ. కెమెరాకు వీపు పెట్టి నడుచుకుంటూ గుంపులో కలిసిపోతాడు. మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా అంతే. ఒక్కటీ వదలకుండా చూశాను. మిషన్‌లో వేస్తే గట్టిగా నాలుగైదు సెకన్లు. తిరునాళ్ళు మొత్తం కలిపినా ఒకటిన్నర నిమిషం లేదు. ఒకటిన్నర నిమిషం సీనులోంచి రెండున్నర నిమిషాలు అదనంగా ఎలా వస్తాయని కత్తెర చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నాను.

అప్పుడు మరియమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. చేను వదిలి పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"కోస్తన్నారంటగా అయ్యా."

"కోయక తప్పదమ్మా. హాలు మూసేస్తారు."

"కోసేదుంటే ఆ ముక్క నాకియ్యండయ్యా. ఎవురికీ చూపించను. పెట్లో పెట్టుకుంటా."

కంపెనీ సొత్తు, అంగుళం తగ్గినా నా ఉద్యోగం పోతుందని చెప్పాను. అది నిజమే. అయినా ఆమె కదల్లేదు. కనీసం చూడనిద్దామని, ఆ ఫిలింను ఎండకు ఎదురుగా పట్టి, భూతద్దం ఆమె కంటి దగ్గర పెట్టాను. చారల తుండుగుడ్డ వేసుకున్నవాడే నీ కొడుకు, చూసుకో అన్నాను.

చాలాసేపు చూసింది. ఒక బొమ్మ, పక్కన ఇంకో బొమ్మ, పక్కన ఇంకోటి. తర్వాత అద్దం నా చేతిలో పెట్టేసింది.

"ఈడు కాదయ్యా. ఈడు నడవట్లా. మావోడు నడుస్తాడు."

ఇది దాచుకోవలసిన పని లేదు, కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆమెకు కావలసింది బొమ్మ కాదు. ఆ నాలుగైదు సెకన్ల నడక. అది కోసి చేతిలో పెట్టేది కాదు.

కత్తెర బల్ల మీద పెట్టేశాను. ఈ ఒక్క ఆటకీ ఏమైనా వస్తే నేను చూసుకుంటానని చలమయ్యతో చెప్పాను. ఆయన నా మీద గట్టిగానే కేకలేసి, చివరకు మూడో రీలులోని ఒక హాస్యం సీను తీయించి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా లక్క ముద్ర కొత్తగా వేశాను. అనుమానం అంత తేలిగ్గా వదిలే రోగం కాదు. అయితే ఒక మార్పు చేశాను. ఇన్ని రోజులూ నేను పిడిని చూశాను, మీటరు చూశాను, వాచీ చూశాను, మస్తాన్ చేతులు చూశాను. తెరను చూడలేదు. ఆ ఆటలో వాచీ నొక్కి జేబులో పడేసి, మిషన్ పక్కనున్న చిన్న కిటికీలోంచి తెర వైపు చూస్తూ నిలబడ్డాను. మస్తాన్ కార్బన్లు సరిచేస్తూ వంగి ఉన్నాడు.

తిరునాళ్ళు మొదలైంది. డప్పులు, సన్నాయి. రథం కదిలింది. రథం పక్కన కుర్రాడు. వీపు. ఎడమ భుజం మీద తుండుగుడ్డ. నడుస్తున్నాడు.

ఎంతసేపు నడిచాడో నేను చెప్పలేను. నాకు ఎక్కువసేపు అనిపించలేదు. ఎక్కడా నెమ్మదించినట్టు కూడా లేదు, మనిషి మామూలుగా నడిచే నడకే. గుంపులో కలిసిపోవలసిన చోటికి వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఇరవై ఏళ్ళ ముఖం, పెదవి మీద అప్పుడప్పుడే వస్తున్న మీసం. ముందు వరసల వైపు చూశాడు. ఎడమ భుజం మీది తుండుగుడ్డ తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు. తిరిగి గుంపులోకి వెళ్ళిపోయాడు.

హాల్లో ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క ఈల లేదు. ఎవరో దగ్గారు, అంతే. రీలు అయిపోయి లైట్లు వెలిగాయి. మస్తాన్‌ని అడిగాను, చూశావా అని. కార్బన్ ఆరిపోబోతుంటే దాన్ని చూస్తున్నానన్నాడు. ముద్ర చెక్కుచెదరలేదు. జేబులోని వాచీ ఆపడం మరిచిపోయాను. అక్కడికక్కడే ఆ రీలు మిషన్ నుంచి దింపించి, జనం గోల చేస్తున్నా వినకుండా, భూతద్దంతో ఆ చోటు మళ్ళీ చూశాను. మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా వీపే. తుండుగుడ్డ ఎడమ భుజం మీదే.

నేను చూసింది ఎవరికీ చెప్పలేదు. మస్తాన్‌కి కూడా చెప్పలేదు. ఆట వదిలాక మరియమ్మ కోసం గేటు దగ్గరికి వెళ్ళాను. ఎలా అడగాలో తెలియక, చూశావా అమ్మా అని మాత్రం అన్నాను. ఆమె నా ముఖంలోకి అనుమానంగా చూసింది. ఎవరైనా నన్ను అలా చూడడం నాకు అలవాటు లేదు.

"నువ్వూ చూశావా?" అంది.

నేను తల ఊపాను.

"గుడ్డ భుజం మార్చుకున్నాడు గదయ్యా," అంది. "దూరం బోయేటప్పుడు అట్టనే మార్చుకుంటాడు. ఇంక పెట్టె తీసకపొండి."

కొంగుతో ముఖం తుడుచుకుని పల్లె వైపు నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆమెను నేను చూడలేదు.

అదే ప్రింటు మర్నాడు ఈపూరు వెళ్ళింది, తర్వాత ఇంకో మూడు ఊళ్ళు. ప్రతిచోటా తొమ్మిదో రీలును లెక్కపెట్టి చూశాను. ఎక్కడా ఒక్క నిమిషం ఎక్కువ కాలేదు. ఆ కుర్రాడు ఎక్కడా తిరగలేదు.

దీనికి నాకు తోచిన సమాధానాలన్నీ వేసి చూసుకున్నాను. కళ్ళు అలిసిపోయి ఉండొచ్చు. మధ్యాహ్నం ఆమె మాట విని మనసు కరిగి, చూడాలనుకున్నదే చూసి ఉండొచ్చు. కానీ తుండుగుడ్డ సంగతి నేను నోరు విప్పకముందే ఆమె చెప్పింది. అది ఎలా కలిసింది? వేరే ఎవరైనా ఈ కథ చెబితే, సాక్షి ఎవరని మొదట నేనే అడుగుతాను. కన్నతల్లి అంటే ఆ సాక్ష్యం చెల్లదంటాను, ఎందుకంటే ఆమె చూడాలని కోరుకుంది. రెండో సాక్షిని నేను. నేను చూడాలని కోరుకోలేదు. చూశాను. ఎలా చూశానో ఈరోజుకీ నాకు తెలియదు.